రాండమ్ యాక్సెస్ మెమరీస్: ఇందులో ఎలక్ట్రానిక్ ఏముంది?

రాత్రిపాట (ప్రశ్న):
డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట అంటే నాకు మొదటి నుంచీ 2001 నాటి 'డిస్కవరీ'నే. అది పెడితే కాళ్లు ఊరుకోవు. ఆ ఊపులోనే 2013లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' పెట్టుకున్నా. మూడో పాటకొచ్చేసరికి ఎవరో పెద్దాయన తీరిగ్గా తన జీవితకథ చెబుతున్నాడు, వెనకాల హోటల్లో ఉన్నట్టు జనం మాటల రొద. 'టచ్' అయితే ఎటు పోతోందో అంతుపట్టలేదు. మొత్తం 13 పాటలు, 74 నిమిషాలు. అందులో 'గెట్ లక్కీ', 'ఇన్‌స్టంట్ క్రష్' తప్ప మిగతావన్నీ స్కిప్ చేస్తున్నా.

డ్రమ్స్ మనుషులే వాయించారు, గిటార్ మనుషులే, బేస్ మనుషులే. మరి ఈ ఇద్దరు చేసిందేంటి? 2014లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ దీనికే ఎందుకిచ్చారు? వెటకారం కాదండీ, తెలుసుకుందామనే అడుగుతున్నా.

మోనోస్పీకర్:
ఏం చేశారంటే ఖర్చు చేశారు. 'హోమ్‌వర్క్' 1997లో ఇంట్లో కూర్చుని చేసుకున్న ఆల్బమ్. దానిలో ఉన్న మొరటుతనం ఇందులో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఇది ఖరీదైన డిస్కో. అంతే.

కత్తెరపని:
పొద్దస్తమానం ఎవరెవరో వాయించిన టేకులు కోసి అతికించడమే నా ఉద్యోగం. కాబట్టి నా గోల నాది, కాస్త ఓపిక పట్టండి.

'డిస్కవరీ'లో వాళ్లు పాత డిస్కో, ఫంక్ రికార్డుల్లోంచి ముక్కలు తీసి (దాన్నే శాంపిల్ చేయడం అంటారు), తిప్పి తిప్పి వాడారు. ఇక్కడికొచ్చేసరికి అలాంటి రికార్డులు వాయించినవాళ్లనే స్టూడియోకి పిలిపించుకున్నారు. షీక్ బ్యాండ్ నైల్ రాడ్జర్స్ గిటార్, నేథన్ ఈస్ట్ బేస్. డ్రమ్స్‌కి ఒమర్ హకీమ్, ఇంకా మైకేల్ జాక్సన్ 'ఆఫ్ ది వాల్'లో వాయించిన జాన్ రాబిన్సన్. ఆంపెక్స్ టేప్ మీదా, కంప్యూటర్లోని ప్రో టూల్స్‌లోనూ ఒకేసారి రికార్డ్ చేశారు. ఆ తర్వాతే అసలు పని మొదలైంది. శాంపిల్ చేయాల్సిన సరుకు ముందు తామే పుట్టించుకుని, అప్పుడు కత్తెర పట్టారు. 'టచ్' ఒక్కదాంట్లోనే 250 దాకా విడి ముక్కలున్నాయి. ఎటు పోతోందో తెలియలేదన్నారే, అందులో మీ తప్పేం లేదు. ఆ సంఖ్య వింటేనే నా మెడ పట్టేస్తుంది.

బయటి రికార్డు నుంచి శాంపిల్ తీసింది చివరి పాట 'కాంటాక్ట్'లో మాత్రమే. డ్రమ్ మెషీన్లు రెండు పాటల్లోనే. మిగిలిన ఎలక్ట్రానిక్స్ అంటే ప్రత్యేకంగా కట్టించుకున్న ఒక పెద్ద మాడ్యులర్ సింథ్ (విడి భాగాల్ని వైర్లతో కలిపి వాడే సింథసైజర్), కొన్ని పాత వోకోడర్లు (మనిషి గొంతుని మెషీన్ గొంతులా మార్చే పరికరాలు). ఆ వోకోడర్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 'ది గేమ్ ఆఫ్ లవ్'లో చుట్టూ మనుషులు హాయిగా వాయిస్తుంటే, ఏడుస్తున్నది మాత్రం మరమనిషి. ఆల్బమ్ మొత్తంలో నాకు గొంతు పట్టుకునేది అదే.

ఇక ఆ పెద్దాయన. ఆయన జార్జియో మొరోడర్. 1977లో డొనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్' అనే డిస్కో పాట వెనకున్న ప్రొడ్యూసర్. ఈసారి ఆ మాటలు హెడ్‌ఫోన్స్‌లో వినండి. 24 ట్రాకుల టేప్ మీద క్లిక్ (తాళం తప్పకుండా కొట్టే టిక్కు చప్పుడు) వేసి, దానికి మూగ్ సింథ్‌ని కట్టామని చెబుతాడు. ఆ మాట దగ్గరే నిజం క్లిక్ టిక్కు టిక్కుమంటూ మొదలవుతుంది. ఆయన తన పేరు చెప్పగానే దాని మీద సింథ్ ఎక్కుతుంది. కథ చెబుతున్నాడని మీరు స్కిప్ చేసింది ఆ సింథ్ పుట్టుకనే!

ఇంకో పిచ్చి ఉంది. ఆయన మాటలు రికార్డ్ చేయడానికి వేర్వేరు కాలాల మైకులు పెట్టారు. ఏ దశాబ్దం గురించి మాట్లాడితే ఆ నాటి మైకు. తేడా ఎవరికి తెలుస్తుందని మొరోడర్ అడిగితే, ఆ ఇద్దరికీ తెలుస్తుందన్నాడట ఇంజనీర్. నా దగ్గరికి ఇలాంటి క్లయింట్ వస్తే తలుపు తీయను. కానీ వినేటప్పుడు మాత్రం ముచ్చటేస్తుంది.

రాత్రిపాట:
క్లిక్ ఇప్పుడే విన్నా. ఇన్నాళ్లూ ఆ పాటని మొదటి నిమిషంలోనే దాటేశా కదా, అక్కడిదాకా వెళ్లనేలేదు. సరే, వరుసగా వినాలా, లేక ఏది పడితే అది వినొచ్చా?

నల్లమెట్టు:
మొదటి నాలుగు మాత్రం వరుసగానే వినండి. నేను పియానో వాయిస్తా కాబట్టి చెబుతున్నా. మొదటి మూడు పాటలూ 'ఏ మైనర్' అనే శ్రుతిలో ఉంటాయి. నాలుగోది 'విదిన్' బీ ఫ్లాట్ మైనర్. ఆ అర మెట్టు పైకి చేర్చడానికి చిలీ గొంజాలెస్ పియానో ముందుమాట వాయిస్తాడు. షఫుల్‌లో పెడితే ఆ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

మోనోస్పీకర్:
సరే, 'డూయిన్ ఇట్ రైట్' నాక్కూడా ఇష్టమే, ఒప్పుకుంటా. పూర్తిగా మెషీన్ల మీద కట్టింది అదొక్కటే కదా! ఆఖర్న రికార్డ్ చేసింది కూడా అదే. అంటే చివరికి వాళ్లకీ పాత ఇల్లు గుర్తొచ్చిందన్నమాట. 'ఫ్రాగ్మెంట్స్ ఆఫ్ టైమ్' మాత్రం నా వల్ల కాదు, మరీ నున్నగా ఉంటుంది.

కత్తెరపని:
'ఫ్రాగ్మెంట్స్' విషయంలో మీతో గొడవ లేదు. నేనూ దాటేస్తా. కానీ ఖరీదైన డిస్కో అంటే ఒప్పుకోను. 2023 నవంబర్‌లో ఇదే ఆల్బమ్‌ని డ్రమ్స్ తీసేసి మళ్లీ విడుదల చేశారు. అందులో 'గెట్ లక్కీ' వినండి. డ్రమ్స్ లేకపోయినా నైల్ రాడ్జర్స్ కుడిచెయ్యే తాళం వేస్తుంటుంది. తీగలు మోగే చప్పుడు కన్నా, మోగకుండా చేత్తో అదిమిపెట్టిన చోట వచ్చే 'చిక్ చిక్' చప్పుడే పాటని నడిపిస్తుంది. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) నాలుగే, ఎక్కడా స్థిమితంగా కూర్చోకుండా గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. ఖర్చు పెట్టినంత మాత్రాన అది రాదు, ఆ చెయ్యే కావాలి.

రాత్రిపాట గారూ, ముందు మామూలు ఆల్బమ్ ఒకసారి పూర్తిగా వినండి, డ్రమ్స్ లేనిది తర్వాత. తలకిందులుగా వింటే ఏం తీసేశారో తెలియదు. 'కాంటాక్ట్' దగ్గర వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి. అపోలో 17 వ్యోమగామి మాటలతో నెమ్మదిగానే మొదలవుతుంది గానీ, ఆఖరి నిమిషంలో హెడ్‌ఫోన్స్ చెవుల్లోంచి ఊడబెరికేలా ఉంటుంది.

రాత్రిపాట:
ఈ ఆదివారం మొత్తం వింటా. 'టచ్' రెండోసారి విన్నా అర్థం కాకపోతే మళ్లీ వచ్చి ఇక్కడే తిడతా.