చెల్లెలి పాపను ఎత్తుకోవడానికి చేతులు రావడం లేదు

ప్రశ్న:
పెళ్లయి మూడేళ్లయింది. రెండు నెలల క్రితం జననాంగాల దగ్గర నీటి పొక్కులు వస్తే పరీక్షలో హెర్పిస్ టైప్ 1 అని తేలింది. రిపోర్టు చూస్తూనే డాక్టరు గారు నర్సు ఎదుటే "బయటి సంబంధాలేమైనా ఉన్నాయా?" అని అడిగారు. మా వారు నన్ను ఒక్క మాటా అనలేదు గాని, ఆనాటి నుంచి ముభావంగా ఉంటున్నారు. నా తువ్వాలు విడిగా ఉతుక్కుంటున్నాను, మాత్రల అట్టను బియ్యం డబ్బాలో దాస్తున్నాను, పురిటికి వచ్చిన చెల్లెలి పాపను ఎత్తుకోవడానికి కూడా భయపడుతున్నాను. ఈ అపరాధ భావం నుంచి ఎలా బయటపడాలి?

జవాబు 1 (విశ్రాంత కౌన్సెలర్):
అమ్మా, జ్వరం వచ్చి తగ్గాక "మూతి పేలింది" అని మన ఇళ్లలో అంటామే, ఆ పొక్కులకు చాలావరకు కారణం ఇదే టైప్ 1 వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో దాదాపు 64 శాతం మందికి ఇది ఉంది. ఎక్కువమందికి చిన్నతనంలోనే, పెద్దవాళ్ల ముద్దుల వల్ల అంటుకుంటుంది. మూతి మీద వస్తే పక్కింటివాళ్లకూ చెప్పుకుంటాం, అదే నడుము కింద వస్తే నడవడికను శంకిస్తాం. నోటి నుంచి ముఖరతి ద్వారా జననాంగాలకు చేరే వైరస్ ఇది, పైగా నరాల్లో ఏళ్ల తరబడి అణిగి ఉండగలదు కనుక, ఎవరి వల్ల ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా తేల్చి చెప్పలేదు. అలా అడగడం ఆ డాక్టరు గారి తప్పు. మీ వారికి ఎప్పుడైనా మూతి పేలేదేమో నిదానంగా అడిగి చూడండి.

జవాబు 2:
నాకు తొమ్మిదేళ్లుగా టైప్ 2 ఉంది. మొదటి ఏడాది ఐదుసార్లు తిరగబెట్టింది, పోయిన ఏడాది ఒక్కసారే. నేనూ కొన్నాళ్లు నా సబ్బును బీరువాలో దాచుకున్నాను, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. చివరికి అక్కకు చెబితే, "నాయనమ్మకు సర్పి వచ్చినప్పుడు వీధంతా చెప్పుకుంది కదే, అదీ ఈ హెర్పిస్ కుటుంబపు వైరసేనట" అంది. నమ్మకమైన మనిషి ఒక్కరికైనా చెప్పుకోండి.

జవాబు 3:
చేతులు కడుక్కుని పాపను నిశ్చింతగా ఎత్తుకోండి. మూతి మీద పొక్కులున్నవారు మాత్రం పసికందును ముద్దు పెట్టుకోకూడదు. ఆ జాగ్రత్త చూడవచ్చే బంధువులకే ఎక్కువ అవసరం. మనసు మరీ బరువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
మా వారిని అడిగాను. చదువుకునే రోజుల్లో పరీక్షల ముందు తరచూ మూతి పేలేదట. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున చూస్తే మాత్రల అట్ట ఫ్రిజ్ మీద, ఆయన బీపీ మాత్రల పక్కన ఉంది.