‘ఆక్వా కోలా’కు తెలుగు సబ్‌టైటిల్‌లో ఏ మాట పెట్టాలి?

‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ను (2015, దర్శకుడు జార్జ్ మిల్లర్) అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు చూపించి, నీటి మీద పెత్తనం గురించి చర్చ పెడుతున్నాం. తెలుగు సబ్‌టైటిళ్లన్నీ అయిపోయాయి, ఒక్క మాట దగ్గర ఆగాం.

సినిమాలో దేవుడిలా చెలామణీ అయ్యే ఎడారి నియంత ఇమ్మోర్టన్ జో భూగర్భజలం తోడించి, కొండ మీది పెద్ద గొట్టాల్లోంచి కాసేపు వదిలి, ఠక్కున కట్టేస్తాడు. కింద జనం గిన్నెలెత్తి పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటారు. ట్యాంకర్ ముందు బిందెల వరస చూసిన ఊళ్లకు ఈ దృశ్యం విడమరచి చెప్పక్కర్లేదు. సినిమాకు ఆరు ఆస్కార్లొచ్చింది ఎడిటింగ్, సౌండ్, కాస్ట్యూమ్స్ లాంటి విభాగాల్లో. కానీ దాని ఆయువుపట్టు ఇక్కడే ఉంది. ఆ నీటికి అతను పెట్టిన పేరు ‘ఆక్వా కోలా’. అందరి నీటికీ సరుకు పేరు తగిలించాడన్నమాట.

అలాగే ఉంచితే, ముందుగా చూసినవాళ్లు కూల్‌డ్రింకనుకున్నారు. ‘నీళ్లు’ అంటే పెత్తనం పోయింది. ‘తీర్థం’ అంటే అతని దేవుడి వేషం పట్టుబడింది గానీ వ్యాపారం జారిపోయింది. ‘మినరల్ వాటర్’లో వ్యాపారం ఉంది, భక్తి లేదు. వివరణ ఇరికిద్దామంటే ఆ సబ్‌టైటిల్ తెర మీద ఉండేది రెండు సెకన్లే.

దొరగారి సొత్తు, దేవుడి ప్రసాదం రెండూ ఒకేసారి తట్టేలా, ఐదారు అక్షరాల్లో మీరైతే ఏ మాట పెడతారు?