అమెరికాలో కన్సోళ్ళు అమ్ముడుపోలేదని తిరుపతిలో పార్లర్ మానుకోవాలా?

రేణిగుంట జంక్షన్
విషయం ఇది. మా బావమరిది తిరుచానూరు రోడ్డులో వీడియో గేమ్ పార్లర్ పెడతానని పట్టుబట్టి కూర్చున్నాడు. నాలుగు పీఎస్5లు (టీవీకి తగిలించి ఆడే సోనీ గేమ్ మిషన్లు, వీటినే కన్సోళ్ళంటారు), నాలుగు టీవీలు, ఒక ఏసీ, షాపు అడ్వాన్సు. అంతా కలిపి నాలుగు లక్షల పైమాటే. నేను వద్దంటున్నాను. ఊరికే కాదు, లెక్క చూపించి మరీ. అమెరికాలో సర్కానా అనే సంస్థ ఉంది, ఇదివరకు ఎన్‌పీడీ అనేవాళ్ళు. అక్కడ గేముల వ్యాపారం ఎట్లా ఉందో నెలనెలా చెబుతుంది. 2025 నవంబర్‌లో కన్సోళ్ళ మీద జనం పెట్టిన ఖర్చు ముందటేడు నవంబర్ కంటే 27 శాతం పడిపోయింది. అన్ని కంపెనీల మిషన్లూ కలిపి అమ్ముడైంది 16 లక్షలు. 1995 తర్వాత ఏ నవంబర్‌లోనూ ఇంత తక్కువ లేదట. బ్లాక్ ఫ్రైడే, అంటే వాళ్ళ పెద్ద డిస్కౌంట్ల పండగ ఉన్న నెలే ఇట్లా ఉంటే మామూలు నెలల సంగతేంటి? కన్సోల్ పని అయిపోయింది, అందరూ ఫోన్లోకి పోయారని నేను. నీకు తెలీదు బావా అని వాడు. మీరే చెప్పండి.

ఊరికే చూస్తున్నా
నాలుగు లక్షలకు అలిపిరి దగ్గర టీ కొట్టు పెట్టుకోమనండి. ఏ నెలా పడిపోదు.

లెక్కల పిచ్చి
అంకెలు తప్పు కాదు, చదివిన తీరు తప్పు. అదే ఏడాది జూన్ చూశారా? జూన్ 5న నింటెండో స్విచ్ 2 వచ్చింది. అమెరికాలో ఆ ఒక్క మిషనే ఆ నెలలో 16 లక్షలు అమ్ముడైంది. కొత్త మిషన్ మొదటి నెల అమ్మకాల్లో అంతకుముందు రికార్డు 2013 నవంబర్‌లో పీఎస్4ది, 11 లక్షలు. దీపావళి చీర ఉగాదికే కొనేసుకున్న ఇంట్లో, దీపావళికి బట్టల ఖర్చు తగ్గిపోయిందని దిగులు పడినట్టుంది మీ వాదన.

ఇక ధర. పీఎస్5 2025 ఆగస్టులో 50 డాలర్లు పెరిగి 549.99 అయింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అక్టోబర్‌లో 649.99 అయింది. మిషన్ పాతబడేకొద్దీ ధర దిగడం మనం చూసిన పద్ధతి. 2000లో 299 డాలర్లకు వచ్చిన పీఎస్2 రెండేళ్ళు తిరగకముందే 199 అయింది. ఇప్పుడు ఐదేళ్ళ పాత మిషన్‌కు ధర పెరుగుతోంది. జనం ఆట మానేశారని ఆ 27 శాతం చెప్పదు. ఈ ధరకు మాకొద్దన్నారని చెబుతుంది.

రేణిగుంట జంక్షన్
16 లక్షలు జూన్‌దా, నవంబర్‌దా? రెండు నెలలకూ ఒకే అంకె చెబుతున్నారు. ముందు అది తేల్చండి.

లెక్కల పిచ్చి
రెండూ నిజమే. జూన్‌లో స్విచ్ 2 ఒక్కటే 16, నవంబర్‌లో అన్నీ కలిపి 16. ఇంకో మాట, వాళ్ళ నెల మన క్యాలెండర్ నెల కాదు, వారాల లెక్క. జూన్‌కు ఐదు వారాలు, నవంబర్‌కు నాలుగు. కాబట్టి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టడం కూడా పూర్తిగా సరి కాదు. 2013లో పీఎస్4 నవంబర్ 15న వచ్చింది, ఆ నెల లెక్కలో దానికి దొరికింది పదహారు రోజులే. స్విచ్ 2కు ముప్పై ఒకటి దొరికాయి. అసలు రికార్డు ఎవరిదో భాగించి చూసుకోండి.

ఊరికే చూస్తున్నా
సార్, నేను ఇంటర్‌లో ఎంపీసీ వద్దనుకుంది ఇందుకే.

రూమ్ నంబర్ 14
మా పీజీ హాస్టల్లో ఫ్లోర్‌కు ముప్పై మంది. కన్సోల్ ఉన్నోడు ఒక్కడూ లేడు. ఫోన్లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ ఫ్రీ. 2022 జూలైలో దాన్ని స్టోర్ నుంచి తీసేశారు. 2023 మేలో మళ్ళీ వస్తే రాత్రికి రాత్రే అందరి ఫోన్లోకీ ఎక్కింది. పీఎస్5 చూస్తే మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చి, మరుసటేడు నవంబర్‌కు 54,990 అయింది. కొత్త డిస్క్ 4,999 అంటారు. నా నెల మెస్ బిల్లు అంతకంటే తక్కువ.

పార్లర్ అంటారా, ఇంటర్ చదివేటప్పుడు బైరాగిపట్టెడలో ఒకదానికి పోయేవాణ్ణి. గంటకు 40. అక్కడి గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడిచేది. కూర్చునేటప్పుడు ఓనరు తన ఫోన్లో టైమ్ చూసి రాసుకుంటాడు, లేపేటప్పుడు గోడ గడియారం చూపిస్తాడు. పెనాల్టీ షూటౌట్ మధ్యలో లేపాడొకసారి. పార్లర్లు ఫోన్ వల్ల పోయాయని అందరూ అంటారు. నన్నడిగితే ఆ గడియారం వల్ల పోయాయి.

పాత పార్లర్
గడియారం సంగతి తర్వాత మాట్లాడదాం. నేను 2014 నుంచి 2020 మార్చి దాకా తిరుపతిలో పార్లర్ నడిపాను. రెండు పీఎస్3లతో మొదలుపెట్టి నాలుగు పీఎస్4ల దాకా వచ్చాను. అమెరికా నవంబర్ నాకెందుకు? బడులకు సెలవులిచ్చిన రోజు నా నవంబర్ మొదలు, జూన్ 12న బడులు తెరిస్తే అయిపోయినట్టు. ఆ ఏడు వారాలే ఏడాది బాడుగ. గంగజాతరలో బండ వేషం వేసుకున్న పిలకాయ ఒంటినిండా కుంకుమతో నేరుగా వచ్చి కూర్చుంటే, స్పిరిట్ పెట్టి తుడిచినా ఆ కంట్రోలర్ బటన్ల సందుల్లో ఎరుపు నెల రోజులు పోయేది కాదు.

ఒక్కో మిషన్ మీద రోజుకు పది గంటలు ఆట నడిచింది. ఎంతమంది ఆడారో నేనూ లెక్క పెట్టలేదు, మిషన్‌కు వెయ్యి మందికైతే తక్కువుండరు. మీ పట్టికలో అది ఒక్క మిషన్. నా డిస్కుల్లో ముప్పావు వంతు సెకండ్ హ్యాండ్‌వి. పొద్దున రైలెక్కి మద్రాసు పోయి రిచీ స్ట్రీట్‌లో ఏరుకుని రాత్రికి వచ్చేవాణ్ణి. అవి ఏ పట్టికలోనూ లేవు. ఫిఫా అనే ఫుట్‌బాల్ ఆట పేరు 2023లో మారిపోయినా ఇప్పటికీ ఫిఫా ఉందా అనే అడుగుతారు పిలకాయలు. పార్లర్‌కు కూడు పెట్టేది అదే. ఇద్దరు కూర్చుంటే పదిహేను నిమిషాల్లో తేలిపోవాలి, ఓడినోడు ఇంకో ఆట అనాలి.

నా పార్లర్ ఎందుకు పోయిందంటే, లాక్‌డౌన్. మూసి ఉన్న షాపుకు ఆరు నెలలు బాడుగ కట్టాను. ఆ సెప్టెంబర్‌లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించారు. మంచి పనే. కానీ బిల్డింగ్ ఓనరు పేపర్లో గేమ్ అన్న మాట చూసి ఖాళీ చెయ్యమన్నాడు. పేకాట వేరు, ఫుట్‌బాల్ ఆట వేరు అని చెప్పడానికి మూడుసార్లు వాళ్ళింటికి పోయాను. వినలేదు. మిషన్లు ఒక్కోటి ఏడు వేలకు వదిలేశాను. కన్సోల్ పని అయిపోయి కాదు.

లెక్కల పిచ్చి
సెకండ్ హ్యాండ్ అమ్మకాలు ఆ లెక్కలోకి రావన్నది నిజం. ఇంకా చాలా రావు. నింటెండో తన డిజిటల్ అమ్మకాలు వాళ్ళకు ఇవ్వదు. ఎక్కువ అమ్ముడైన గేముల వరసేమో కాపీల మీద కాదు, వచ్చిన డబ్బు మీద వేస్తారు. కాబట్టి చవక ఆట ఎంతమంది కొన్నా కిందే ఉంటుంది.

పోనీ మన దేశానికి నెలవారీ పట్టిక ఉంటే బాగుండేదా అంటే, అక్కడా తంటాయే. దీపావళి 2023లో నవంబర్ 12న, 2024లో అక్టోబర్ 31న, 2025లో అక్టోబర్ 20న పడింది. పండగ ఆఫర్లన్నీ దాని ముందే. వ్యాపారంలో ఏ మార్పూ లేకపోయినా నవంబర్ ఒక ఏడాది పెరిగినట్టు, ఒక ఏడాది కూలిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు కూడా ఎవరో ఒకరు దాన్ని పట్టుకొచ్చి బావమరిదికి చూపిస్తారు.

రేణిగుంట జంక్షన్
అందరూ నా మీదే పడుతున్నారు. పార్లర్ అన్నగారూ, మిషన్ మీద వెయ్యి మంది ఆడారు, సరే. చివరికి ఏడు వేలకు అమ్ముకున్నది మీరే కదా? నేను చెప్పేదీ అదే. ఆడేవాళ్ళు ఉంటారు, పెట్టినోడే మిగలడు. మావాడి ధైర్యమంతా జీటీఏ 6 అనే రాబోయే ఆట మీద. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు నవంబర్ 19 అంటున్నారు. దాన్ని నమ్ముకుని ఈ జనవరి నుంచే బాడుగ కడతాడంట.

ఊరికే చూస్తున్నా
ఏడు వేల మాట అనకుండా ఉండాల్సింది.

పాత పార్లర్
అన్నాడుగా, అననీ. జీటీఏ లాంటి కథ ఆట పార్లర్‌కు పనికిరాదని మాత్రం మీవాడికి చెప్పు. ఒక్కడు కూర్చుని నలభై గంటలు ఆడతాడు, వెనకాల ముగ్గురు ఊరికే చూస్తుంటారు. చూసినందుకు ఎవడూ డబ్బులివ్వడు.

మామిడి తాండ్ర
చిత్తూరు నుంచి. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నా స్విచ్ 2019లో మద్రాసు బర్మా బజార్లో కొన్నాను. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు కదా, పెట్టె మీద దుబాయ్ స్టిక్కర్ ఉంది. అంటే నేను చిత్తూరులో కూర్చుని ఆడుతున్నా లెక్కలో గల్ఫ్ మనిషిని. ఎడమ జాయ్‌కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) స్టిక్ దానంతటదే పైకి పోవడం మొదలుపెడితే వారంటీ లేదు. ఇక్కడే ఒక మొబైల్ షాపులో ఇస్తే అతను విప్పి, మూడు మొనల స్క్రూ ఒకటి పారేసి, టేపు అంటించి ఇచ్చాడు. టేపుతోనే ఆడుతున్నా.

అసలు చెప్పొచ్చింది వేరే. పార్లర్ అన్నగారు తన పిలకాయలు పట్టికలో లేరని బాధపడుతున్నారు. మీ వెయ్యి మందిలో ఆడపిల్లలెంతమంది?

పాత పార్లర్
ఇదెక్కడి గొడవమ్మా? నేను రావద్దని బోర్డు పెట్టానా? డబ్బులిస్తే ఎవరైనా ఆడొచ్చు. మగపిలకాయలు వచ్చారు, ఆడించాను. వ్యాపారం చేసుకునేవాణ్ణి, సంఘాన్ని బాగుచెయ్యడం నా పనా?

మామిడి తాండ్ర
బోర్డు అక్కర్లేదండీ. తిరుపతిలో మా పిన్నివాళ్ళింటికి వచ్చినప్పుడు తమ్ముణ్ణి తీసుకుని ఒక పార్లర్‌కు పోయాను, మీదో ఇంకొకరిదో తెలీదు. మొదటి అంతస్తు, సందు మెట్లు, తలుపుకు నల్ల ఫిల్మ్. మెట్ల కింద ఇరవై జతల చెప్పులు, అన్నీ మగవాళ్ళవే. తమ్ముడు పైకి పోయాడు. నేను గంటసేపు కింద జెరాక్స్ షాపు ముందు నిలబడ్డా. అప్పటికి మా కాలేజీలో నన్ను ఫుట్‌బాల్ గేమ్‌లో ఓడించినోడు లేడు. తర్వాతేడు జీతం దాచుకుని స్విచ్ కొన్నది అందుకే. మీ బిల్డింగ్ ఓనరు గేమ్ అన్న మాట చూసి భయపడ్డాడంటున్నారు. ఆ నల్ల ఫిల్మ్ చూస్తే నాకూ భయమేసింది.

పాత పార్లర్
టీవీ మీద ఎండ పడుతుందని వేస్తారమ్మా ఫిల్మ్. దాచిపెట్టడానికి కాదు.

మామిడి తాండ్ర
లోపల కూర్చున్న మీకు తెలుసు. బయట నిలబడ్డ నాకెట్లా తెలుస్తుంది?

రూమ్ నంబర్ 14
అక్క చెప్పింది నిజం. మా పార్లర్‌లో ఒక్క ఆడమనిషిని చూళ్ళేదు. ఓనరు కూతురు తప్ప. ఆరేడేళ్ళ పాప, కౌంటర్ కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేది.

పాత పార్లర్
...ఆ పాప ఇప్పుడు ఇంటర్.

అడిగారు కాబట్టి చెబుతున్నా. వెయ్యిలో ఒక్కతే, అది కూడా మా పాప. రాత్రి షట్టర్ సగం దించాక ఆడుకునేది. పగలు నేనే వద్దనేవాణ్ణి.

రేణిగుంటాయనా, ఒకటి అడుగుతా. నవంబర్ అంకె చూపించి వద్దంటున్నావు. లెక్కలాయన జూన్ అంకె చూపించాడు, దానికి నువ్వు జవాబు చెప్పలేదు. రేపు డిసెంబర్ అంకె బ్రహ్మాండంగా వస్తే మీవాణ్ణి పెట్టుకోమంటావా?

రేణిగుంట జంక్షన్
అనను.

పాత పార్లర్
మరి ఇంతసేపూ అమెరికా దేనికి?

రేణిగుంట జంక్షన్
బంగారం మా ఆవిడది. గాజులు, హారం, మా పెళ్ళినాటివి. నా పేరు మీద బ్యాంకులో పెట్టి ఆ నాలుగు లక్షలు తియ్యాలి. మూడేళ్ళ కిందట కోళ్ళ షెడ్డు అన్నాడు. పోయినేడు పెళ్ళిళ్ళకు డ్రోన్ కెమెరా అన్నాడు, అది మా అటక మీదుంది. ఈసారి కూడా పోతుందని నాకు తెలుసు. ఆ మాట నేనంటే మా తమ్ముణ్ణి చేతగానోడంటావా అని ఇంట్లో పదిరోజులు మాటలుండవు. అమెరికా వాళ్ళు పెద్ద కంపెనీ పెట్టి లెక్క కట్టి చెప్పారంటే నా మీదికి రాదు కదా. అదీ సంగతి.

ఊరికే చూస్తున్నా
ముందే చెప్పుంటే నాలుగు వారాలా ఐదు వారాలా అన్న బాధ మాకు తప్పేది.

లెక్కల పిచ్చి
జూన్‌కే ఐదు. నవంబర్‌కు నాలుగు.

మామిడి తాండ్ర
మీ ఆవిడకు ఈ నవంబర్ లెక్క చూపించారా?

రేణిగుంట జంక్షన్
నిన్న చూపించాను. రెండు నిమిషాలు చూసి, అమెరికాలో 16 లక్షల మంది కొన్నారా అంది. తగ్గిందే అన్నాను. తగ్గితేనే 16 లక్షలా అంది.

పాత పార్లర్
మీవాణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపు. మానిపించనూ మానిపించను, పెట్టించనూ పెట్టించను. కరెంటు కమర్షియల్ మీటర్‌కు ఎంతవుతుందో, నెలకు ఎన్ని కంట్రోలర్లు పోతాయో నా నోటు పుస్తకం ఉంది, చూపిస్తా. నాలుగు కాదు, రెండు మిషన్లతో మొదలుపెట్టమను. కింది అంతస్తు చూసుకోమను. ఫిల్మ్ వెయ్యకుండా టీవీలను లోపలి గోడకు తిప్పుకుంటే సరిపోతుందేమో, నాకప్పుడు తోచలేదు.

రూమ్ నంబర్ 14
అన్నా, ఒక డౌటు. నీలం కంట్రోలర్ ఒకటుండేది, ఎడమ స్టిక్ కొంచెం కుడికి లాగేది. అది తెలిసినోళ్ళు ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. అది మీ దగ్గరే కదా?

పాత పార్లర్
మా ఇంట్లో ఉంది. ఇంకా కుడికే లాగుతుంది.

రూమ్ నంబర్ 14
గడియారం?

పాత పార్లర్
అది కూడా ఉంది. అప్పుడు ఐదు నిమిషాలు కాదు బాబూ, ఏడు.