'గళమెత్తారు' అంటే 'రెయిజ్డ్ దెయిర్ వాయిస్' అనేనా?

ప్రశ్న:
'ఇసుక అక్రమాలపై గళమెత్తిన మహిళలు'. దీన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. 'రెయిజ్డ్ దెయిర్ వాయిస్ ఆన్' అని రాస్తే సరిపోతుందా? స్పీక్ అప్, స్పీక్ అవుట్, వాయిస్ అవుట్ కూడా చూస్తుంటాం కదా, ఏది ఎక్కడ వాడాలి?

జవాబు 1:
'ఆన్' తీసేసి 'అగెయిన్‌స్ట్' పెట్టండి, వాయిస్‌ని బహువచనం చేయండి: 'రెయిజ్డ్ దెయిర్ వాయిసెస్ అగెయిన్‌స్ట్ ఇల్లీగల్ శాండ్ మైనింగ్'. తంటా అంతా తర్వాత వచ్చే చిన్న మాటతోనే. అగెయిన్‌స్ట్ ఉంటే గళమెత్తడం. ఎట్ గానీ టు గానీ వచ్చిందా, అరవడం. 'షి రెయిజ్డ్ హర్ వాయిస్ ఎట్ ద తహసీల్దార్' అని రాస్తే ఆవిడ న్యాయం అడిగినట్టు కాదు, తహసీల్దారు మీద కేకలేసినట్టు. ఏ తోకా లేకుండా 'డోంట్ రెయిజ్ యువర్ వాయిస్' అంటే మనం 'ఏంటి, గొంతు లేస్తోంది?' అంటామే, అది.

ఈ గొడవంతా వద్దనుకుంటే 'స్పోక్ అవుట్ అగెయిన్‌స్ట్' హాయి. స్పీక్ అవుట్‌లో గొంతు పెద్దదా చిన్నదా అన్న ప్రసక్తి లేదు. చెప్పడానికి జంకే సంగతిని బాహాటంగా చెప్పడమే దాని అర్థం. కాగితం చూసి మెల్లగా చదివినా స్పీక్ అవుటే.

స్పీక్ అప్‌కి రెండు అర్థాలు. ఫోన్లో మాట సరిగా వినబడకపోతే 'కుడ్ యు స్పీక్ అప్, ప్లీజ్?' అంటారు, కాస్త గట్టిగా చెప్పండి అని. మనవాళ్ళు ఇక్కడ 'స్పీక్ లౌడ్లీ' అంటారు. వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ వినేవాళ్ళకి గోల చేయమన్నట్టు ఉంటుంది. రెండో అర్థం, ఊరుకోకుండా నోరు విప్పడం: 'నోబడీ స్పోక్ అప్' అంటే ఎవరూ నోరు మెదపలేదు. పక్కన 'ఫర్' చేరితే ఒకరి తరఫున మాట్లాడడం: 'షి స్పోక్ అప్ ఫర్ ద వాచ్‌మన్'. పలికేటప్పుడు ఊనిక అప్, అవుట్‌ల మీద పడాలి. స్పీక్ మీద ఊని వదిలేస్తే సగం అర్థం పోతుంది.

జవాబు 2:
వాయిస్ అవుట్ సంగతి. ఆ 'అవుట్' అక్కర్లేదు. సింగపూర్, మలేషియాల్లోనూ మన దగ్గరా బాగా నడుస్తుంది గానీ, ప్రామాణిక ఇంగ్లీషులో వాయిస్ ఒక్కటే చాలు. అది సకర్మక క్రియ, వెంటనే కర్మ కావాలి: వాయిస్డ్ కన్సర్న్, వాయిస్డ్ డౌట్స్. 'వాయిస్డ్ అబౌట్' అనకూడదు. మన 'వ్యక్తం చేయు' కూడా ఇంతే. 'ఆందోళన వ్యక్తం చేశారు' బాగుంది. 'ఆందోళనగా ఉందని వ్యక్తం చేశారు' అంటే పంటి కింద రాయి. 'హి ఎక్స్‌ప్రెస్డ్ దట్ హి వాజ్ అన్‌హ్యాపీ' కూడా అలాంటి రాయే. 'సెడ్ హి వాజ్ అన్‌హ్యాపీ' అనండి, లేదా 'ఎక్స్‌ప్రెస్డ్ హిజ్ డిస్‌ప్లెజర్' అనండి.

'దట్'తో పొసిగేది ఒపైన్ (ఊనిక 'పైన్' మీద). 'అభిప్రాయపడ్డారు' అన్నచోటల్లా దాన్ని దించేస్తుంటారు. తెలుగు మాట పత్రికల్లో రోజూ నలిగే మాట, దానికి ఏ రంగూ లేదు. ఒపైన్‌కి మాత్రం పెద్దరికం వాసన, అప్పుడప్పుడు వెటకారం కూడా. మన ఇంగ్లీషు పత్రికల్లో, తీర్పుల్లో మామూలుగానే చెల్లుతుంది. మిగతాచోట్ల 'సెడ్' వాడితే పోయేదేం లేదు.

అడిగినవారు:
చైమ్ ఇన్‌కి 'వంతపాడడం' అనొచ్చా?

జవాబు 3:
పుట్టుక చూస్తే అతికినట్టే ఉంటుంది. బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ చరణం అంటాడు, పక్కన డక్కీలు వాయించే వంతలిద్దరూ 'తందాన తాన' అని అందుకుంటారు. చైమ్ అంటే గంటల మోత, ఒక గంట వెంట ఇంకోటి కలవడం. కానీ వాడుకలో దారులు వేరయ్యాయి. 'ఫలానావాడికి వంతపాడుతున్నాడు' అంటే తిట్టు, సొంత బుర్ర లేదని. చైమ్ ఇన్‌లో ఆ తిట్టు లేదు. మాటల మధ్యలో, తరచుగా ఔననే ధోరణిలో, తానూ ఒక మాట వేయడం. 'మాట కలిపాడు', 'అందుకున్నాడు' చాలు.

మిగతావి గబగబా. పైప్ అప్: అప్పటిదాకా మెదలకుండా కూర్చున్నవాళ్ళు, ముఖ్యంగా చిన్నపిల్లలు, సన్నగొంతుతో ఉన్నట్టుండి మాట్లాడడం. మంత్రిగారు పైప్ అప్ చేశారని రాస్తే నవ్వుతారు. వెయ్ ఇన్: నడుస్తున్న చర్చలోకి తన మాట బరువుతో దిగడం. విషయానికి 'ఆన్', ఇచ్చిన సలహాకి 'విత్'. సౌండ్ ఆఫ్: అడక్కపోయినా తన అభిప్రాయాలు గట్టిగా వాయించేయడం. మౌత్ ఆఫ్ దానికన్నా మోటు, మన 'నోరు పారేసుకోవడం'. వెంట్ అసలు అర్థం గాలి, పొగ పోయే కంత. 'అక్కసు వెళ్ళగక్కాడు'కి దగ్గరే గానీ, మనది ఇంకాస్త రోత పుట్టిస్తుంది.

జవాబు 1:
తెలుగు నుంచి వెళ్ళేవాళ్ళు 'ధ్వజమెత్తారు' దగ్గర జాగ్రత్త. జెండా లేదు, రెయిజ్ లేదు, 'లాష్డ్ అవుట్ ఎట్' అంతే. గళమెత్తేది ఎక్కువగా అన్యాయం మీద, ధ్వజమెత్తేది మనిషి మీదో ప్రభుత్వం మీదో. 'పెదవి విప్పలేదు', 'పెదవి విరిచారు' కూడా కలిపేస్తుంటారు. మొదటిది 'డిడ్‌న్ట్ సే ఎ వర్డ్', రెండోది 'వర్ నాట్ ఇంప్రెస్డ్'. మొదటిదానిలో మాటే లేదు, రెండోదానిలో ఉన్నా లేకపోయినా అసంతృప్తి మాత్రం ఉంది.

అడిగినవారు:
'స్పోక్ అవుట్ అగెయిన్‌స్ట్' ఖాయం చేసుకున్నాను. చివరిగా ఒకటి: వాయిస్ వోట్‌ని 'గళ ఓటు' అనొచ్చా?

జవాబు 2:
దానికి మాట ఉండనే ఉంది, మూజువాణి ఓటు. అందులో కనిపించే వాణి సరస్వతి కాదండోయ్. ఉర్దూ 'ముంహ్ జబానీ', అంటే నోటిమాటగా. మన నోళ్ళలో నలిగి మూజువాణి అయింది.