సమస్య: తల్లి తండ్రి యయ్యెఁ దెల్లవాఱ

ఈసారి సమస్యాపూరణకు ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. పొసగనట్టు కనిపించే ఈ మాటకు పై మూడు పాదాలు రాసి అర్థం కుదర్చాలి. నియమం ఒకటే: కేసరమో (పుప్పొడినిచ్చే మగ భాగం), అండకోశమో (ఆడ భాగం), కీలాగ్రమో (పుప్పొడిని అందుకునే దాని కొన), పువ్వు లోపలి భాగం ఏదో ఒకటి పద్యంలో రావాలి. ఇంటర్‌లో వీటిని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేశాం. నోటికి ఇంత ఇంపుగా ఉన్న మాటలు పరీక్షతోనే పోకూడదని నా ఆశ. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) సంగతి ముందే చెబుతున్నా. త–దె లకు స్వరమైత్రి లేదు. తల్లి–దెల్ల ప్రాసయతి, అంటే రెండో అక్షరంలోని ‘ల్ల’ కలవడంతో కుదిరే యతి.

దేవరకొండ నుంచి, టీచరక్క పూరణ

ఆముదంపు గెలకు నడుగున మగపూలు
పైన నాడుపూలు పరిఢవిల్లు
గాలి కలుప నొక్క కాడపై నీరీతి
తల్లి తండ్రి యయ్యెఁ దెల్లవాఱ

అక్కా, గణాలు, యతి నిక్కచ్చిగా ఉన్నాయి. శాస్త్రమూ సరే. ఆముదం ద్విలింగాశ్రయి, అంటే మగపూలూ ఆడపూలూ ఒకే మొక్క మీద ఉంటాయి. గెల కింది భాగంలో కొమ్మలేసిన కేసరాల మగపూలు, పైన ఎర్రటి కీలాగ్రాల ఆడపూలు. మన చెలకల్లో ఎవరైనా చూడొచ్చు. కానీ సమస్యలో ‘అయ్యె’ ఉంది. ఇక్కడ తల్లీ తండ్రీ ఒకే ఇంట్లో ఉన్నారే తప్ప, తల్లి తండ్రిగా మారలేదు. మొదటి రెండు పాదాలు ఎంత ముచ్చటగా ఉన్నా సమస్య తీరలేదు. పైగా కేసరం, కీలాగ్రం లాంటి పువ్వు లోపలి భాగమేదీ పద్యంలో రాలేదు.

సూర్యాపేట మిత్రుడి పూరణ

కాన్పు కొచ్చినట్టి కన్నకూతురు రేయి
బిడ్డఁ గనియెఁ బొంగెఁ బెద్దవాడు
నిన్న కూతు తండ్రి నేడు చూడఁగ నౌర
తల్లి తండ్రి యయ్యెఁ దెల్లవాఱ

భేష్! ‘తల్లి తండ్రి’ని షష్ఠీ తత్పురుషగా విరిచారు: తల్లికి తండ్రి. అవధాని మెచ్చే విరుపు ఇది. ‘కాన్పుకొచ్చినట్టి’ వాడుక భాష అని ఎవరైనా అభ్యంతరం చెబితే నేను మీ పక్షమే, పుట్టింటి మాట అక్కడ అలాగే ఉండాలి. అయితే పద్యంలో పువ్వే లేదు కదా! నియమం తప్పింది గనుక పోటీకి తీసుకోలేను. చమత్కారానికి మాత్రం నా మొదటి ఓటు దీనికే.

జడ్చర్ల తమ్ముడి పూరణ

సీతపండు పూవు సిగ్గుతోఁ దలవంచి
అండకోశ మెదిగి యాడుదయ్యె
పిదప కేసరాలు పేలి పుప్పొడి రాల్చె
తల్లి తండ్రి యయ్యెఁ దెల్లవాఱ

ఇదీ నేను ఎదురుచూసిన పూరణ! సీతపండు పూవులో ముందు కీలాగ్రాలు పక్వానికి వస్తాయి. కేసరాలు విచ్చేది ఆ తర్వాతే. పాఠ్యపుస్తకం దీన్ని స్త్రీభాగ ప్రథమోత్పత్తి అంటుంది. రెండూ ఒకే పూవులో ఉన్నా వేళలు కలవవు. అందుకే తన పుప్పొడి తనకు పనికిరాక చెట్టు నిండా పూసినా కాయ తక్కువ నిలుస్తుంది, బ్రష్షుతో చేతి పరాగసంపర్కం చేసే రైతులున్నారు. ‘సిగ్గుతోఁ దలవంచి’ అన్నది అలంకారం కాదు, ఆ పూవు నిజంగానే తలకిందులుగా వేలాడుతుంది.

ఒక్క మాట మార్చాలి తమ్ముడూ. ‘పేలి’ ఆముదానికి సరిపోతుంది, దాని పరాగకోశాలే (కేసరాల పుప్పొడి తిత్తులే) ఎండి పుప్పొడిని చిమ్ముతాయి. సీతపండులో అవి విచ్చుకుంటాయి. ‘పిదప కేసరాలు విచ్చి పుప్పొడి రాల్చె’ అంటే గణం చెడదు, ప–వ యతిమైత్రి కూడా నిలుస్తుంది.

టీచరక్క ప్రశ్న: సార్, ముగ్గురిలో ఒక్కరికీ ‘కీలాగ్రం’ ఎందుకు పడలేదు? నేను రెండు గంటలు ప్రయత్నించిన.

పడదక్కా, సూర్యగణాల్లో, అంటే న (మూడు లఘువులు), హ (గురువు, లఘువు) గణాల్లో పడదు. ఆటవెలదిలో సరి పాదాలన్నీ, బేసి పాదాల్లో మొదటి మూడు గణాలూ ఇవే. కీ–లా రెండూ గురువులే. న, హ గణాల్లో రెండు గురువులు పక్కపక్కన రావు. ‘అండకోశ’ మాత్రం రెండు హ గణాలుగా హాయిగా ఇమిడిపోతుంది. కీలాగ్రానికి చోటు బేసి పాదాల చివర, ఇంద్రగణాల దగ్గరే. నేను ఇలా పెట్టి చూశాను:

చిన్న పురుగు దూరి చేరెఁ గీలాగ్రమ్ము
నిన్నపూవు పొడిని నెత్తికెత్తి
నేఁటి యాడుపూవె నిలిచి రేపిచ్చును
తల్లి తండ్రి యయ్యెఁ దెల్లవాఱ

మూడో పాదంలో ‘ఏమిచ్చును?’ అని అడిగితే, పుప్పొడి. ఆ మాట పైపాదంలోంచి తెచ్చుకోవాలి, అది నా లోపమే.

బాలానగర్ అన్న: సార్, మా ఊరి పేరుతోనే సీతపండు రకం ఉన్నది గానీ ఇన్నేండ్లల్ల పూవు విప్పి చూడలే. పొద్దుగాల చెట్టుకాడికి పోయిన. ఒకటి తెంపి మూడు మందపు రేకలు విప్పితే నడుమ చిన్న గుబ్బ, వేలు పెడితే జిగట. దాని చుట్టూ పేర్చినట్టు కేసరాలు, ఇంకా గట్టిగనే ఉన్నయ్. ఇంకోటి విప్పిన. గుబ్బ ఎండింది, అరచేతిల పొడి రాలింది, సన్న పురుగొకటి బయటికొచ్చి వేలు మీద నడిచింది. మీ పద్యంల పురుగు గిదేనా?

అదేనన్నా. దాన్ని చంపకు, పక్క పూవు మీద వదిలెయ్.