కార్ షేరింగ్, రైడ్ సేవలు ఉంటే సొంత కారు అక్కరలేదా?

ప్రశ్న:
సొంత కారు రోజులో ఎక్కువ భాగం కదలకుండా నిలిచే ఉంటుంది. అయినా బీమా, మరమ్మతులు, రుణ వాయిదాలు, ఏటేటా తరిగిపోయే విలువ మాత్రం ఆగవు. యాప్‌లో పిలిస్తే డ్రైవర్‌తో సహా కారును పంపే అమెరికా రైడ్ సేవల సంస్థ లిఫ్ట్ (Lyft) సహ వ్యవస్థాపకుడు జాన్ జిమ్మర్, 2025 నాటికి అమెరికా ప్రధాన నగరాల్లో సొంత కార్లు దాదాపు కనుమరుగవుతాయని 2016లో రాశారు. ఆ గడువు ముగిసినా కార్లు అలాగే ఉన్నాయి. మా పాత కారును మార్చవలసిన సమయం వచ్చింది కనుక, ఆ అంచనాలో లోపం ఎక్కడ ఉందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
ఆ అంచనాలో లోపం ఇది: కారు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందన్నది కాక, అందరికీ అది ఏ గంటలో కావాలన్నది చూడాలి. ఉదయం ఆఫీసు వేళకు అందరూ ఒకేసారి, చాలావరకు ఒకే దిశలో బయలుదేరుతారు కాబట్టి, ఒకరిని దింపిన కారు మరొకరికి వెంటనే అందదు. ఆ రద్దీకి సరిపడా కార్లను ఉంచితే మిగిలిన సమయంలో అవీ ఖాళీగానే నిలుస్తాయి. పైగా రైడ్ సేవల కార్లు తదుపరి ప్రయాణికుడి కోసం ఖాళీగా తిరిగే దూరం తక్కువేమీ కాదు. ఒక్కరే ఎక్కే రైడ్ వల్ల పార్కింగ్ అవసరం తగ్గుతుంది కానీ రోడ్డు మీద రద్దీ తగ్గదు.

రెండో జవాబు:
పై మాట రైడ్ సేవలకు సరిపోతుంది, కానీ ఒకే కారును చాలామంది అవసరమైనప్పుడు తీసుకుని తామే నడుపుకునే కార్ షేరింగ్‌ను కూడా అదే గాటన కట్టడం న్యాయం కాదు. స్విట్జర్లాండ్‌లో 1987లో మొదలైన రెండు కార్ షేరింగ్ సహకార సంఘాలు 1997లో కలిసి మొబిలిటీ అనే సంస్థగా ఏర్పడ్డాయి. అది నేటికీ నడుస్తోంది. అక్కడ రోజువారీ ప్రయాణం రైలు, బస్సుల మీద సాగుతుంది, అవి చేరని చోటికి మాత్రమే స్టేషన్ దగ్గర ఉంచిన కారును తీసుకుంటారు. పారిస్‌లో 2011 చివర మొదలైన ఆటోలిబ్ విద్యుత్ కార్ల సేవ మాత్రం, పెరిగిన నష్టాలను ఎవరు భరించాలన్న వివాదం మధ్య 2018లో మూతపడింది. కాబట్టి సేవ ఉండడమే కాదు, అది నిలబడుతుందా అన్నది కూడా చూసుకోవాలి. నా ఉద్దేశంలో ఇంట్లోని రెండో కారును ఈ సేవలు నిశ్చయంగా తొలగించగలవు.

మూడో జవాబు:
లెక్క వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కారు కొన్నవారికి ప్రతి ప్రయాణంలోనూ ఇంధన ఖర్చు ఒక్కటే కనిపిస్తుంది. రైడ్‌లో మాత్రం డ్రైవర్ శ్రమతో సహా మొత్తం ఖర్చు ప్రతిసారీ కళ్ళముందుకు వస్తుంది, అందుకే అది ఎక్కువనిపిస్తుంది. ఏడాది మొత్తానికి పోల్చి చూడండి. అయితే నడవలేని పెద్దలు, కారులో పిల్లల భద్రతా సీటు తప్పనిసరైన పసిపిల్లలు, రాత్రి డ్యూటీలు ఉన్న ఇంట్లో, పిలిచిన వెంటనే కారు వస్తుందన్న నమ్మకానికి ఉన్న విలువ ఆ పోలికలో కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో రాత్రి డ్యూటీ చేసేవారు ఒకరు ఉన్నారు కనుక ఒక కారును ఉంచుకుని, రెండోది కొనే ఆలోచనను ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాము.