నాన్న దగ్గర పనిచేసే కొడుక్కి జీతం ఉండాలా, అక్కర్లేదా?

చిత్రిక: తాత పెట్టిన చెక్కపని వర్క్‌షాపు మాది. నాన్న, నేను, ఇంకో ముగ్గురు పనివాళ్లం. వాళ్లకి శనివారం శనివారం కూలి లెక్కకట్టి ఇచ్చేది నేనే. నాకే జీతం లేదు. డబ్బు కావాలంటే నాన్నని అడగాలి. కాదనరు గానీ "ఎందుకురా?" అంటారు. ఇద్దరు పిల్లల తండ్రిని. జీతం మాటెత్తితే "సొంత పనికి జీతమేంటి, రేపు ఇదంతా నీదేగా" అంటున్నారు. ఎవరిది సబబు?

పాతకాపు: మీ నాన్నగారిదే. మా అబ్బాయీ ఇదే పేచీ పెట్టాడు. పని దొరకని నెలల్లో అప్పు చేసి పనివాళ్లకిచ్చి, నేను ఒట్టి చేతులతో ఇంటికెళ్లిన రోజులున్నాయి. జీతం అడిగేవాడు ఆ నెలలో ఊరుకుంటాడా? యజమాని అంటే అందరికీ ఇచ్చాక మిగిలిందే తీసుకునేవాడు.

పద్దు: మిగిలినా మిగలకపోయినా ఆ డబ్బు మీ చేతిలోనే ఉందిగా బాబాయ్! అతను యజమానీ కాదు, పనివాడూ కాదు.

చిత్రికగారూ, మీ పాత కొటేషన్ ఒకటి తీసి చూడండి. ప్లైవుడ్, లామినేట్, కీళ్లు, పాలిష్, ముగ్గురి కూలి, పైన లాభం. అల్మరా తలుపులు బిగిస్తూ మీరు గడిపిన రోజులు అందులో ఎక్కడున్నాయి? ఉండవు. మీరు లాభం అనుకుంటున్న దాంట్లో పెద్ద భాగం మీ కూలే. రేపు మీకు జబ్బు చేసి ఆ పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత మిగులుతుందో వేసి చూడండి.

"రేపు నీదే" అనేది నోటిమాట. తోబుట్టువులుంటే మరీను. డ్రమ్స్‌తో వాయించే తాళాలు చేసే జిల్జియన్ కుటుంబం 1623 నుంచి అదే పనిలో ఉంది. 1979లో తండ్రి పోయాక, ఆయన దగ్గరే పనిచేసిన ఇద్దరు కొడుకులూ కోర్టుకెక్కారు. తమ్ముడు కెనడా ఫ్యాక్టరీ తీసుకుని 1981లో సేబియన్ పేరుతో అన్నకే పోటీగా దిగాడు. అన్ని తరాలు నిలబడ్డ ఇంట్లోనే అలా అయింది.

పని లేని నెలలో జీతం ఇవ్వక్కర్లేదు, బాకీగా రాయండి. అంతే.

రెండో కూతురు: నాకు జీతం ఉంది, బ్యాంకులో పడుతుంది. అయినా ఫోనెత్తగానే "నాన్నగారికివ్వమ్మా" అంటారు. నేను రేటు చెప్పాక నాన్న పక్కనుంచి వచ్చి, నా ముందే తగ్గించేస్తారు. పార్టీ ఇంకోసారి నాతో బేరమాడతాడా? రేటు ఎవరు చెప్పాలో ముందు తేల్చుకోండి.

పద్దు: ఒప్పుకుంటాను. నేనది వదిలేశాను.

పాతకాపు: బాకీ రాయమంటున్నావు, బానే ఉంది. పదేళ్ల బాకీ ఒక్కసారి అడిగితే మెషీన్లు అమ్ముకోవాలి కదయ్యా?

పద్దు: అందుకే హద్దు పెట్టుకోమనేది. మూడు నెలల జీతం దాటిన బాకీ వాటాగా మారాలి. అది కాగితం మీద ఉండాలి, ఇంట్లో మిగతావాళ్లు కూడా చదివి సంతకం పెట్టాలి. మీ అబ్బాయికి అలా రాసిస్తారా?

పాతకాపు: వాటా సంగతి ఆలోచిస్తా. సంతకాలకి మా పెద్దమ్మాయి మాత్రం ఊరికే ఒప్పుకోదు.